‘సునా నో ఉత్సువా’ (1974): అంత మంచి పోలీసాయన్ని ఎందుకు చంపినట్టు?

కాజీపేట గార్డు:

ముందే చెప్తున్నా, కథంతా బయటపెట్టేస్తాను. చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేరి మెయిల్ గార్డుగా రిటైరైనవాణ్ణి. మోకాళ్ళు పోయాక సినిమాలు చూడడమే నా డ్యూటీ. మా చిన్నల్లుడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా ఏదో ఒక డిస్కు తెస్తాడు. ఈసారి తెచ్చింది ఈ జపాన్ సినిమా. ఇంగ్లిషులో ‘కాసిల్ ఆఫ్ శాండ్’ అని వేశారు గానీ, ‘ఉత్సువా’ అంటే కోట కాదట, గిన్నె. మొదట్లో ఒక పిల్లాడు సముద్రం ఒడ్డున తడి ఇసుకతో గిన్నెలు చేసి వరసగా పెడుతుంటాడు. కాబట్టి ‘ఇసుక గిన్నె’ అనుకుందాం.

నన్ను కూర్చోబెట్టింది మాత్రం రైళ్ళు నిలిపే యార్డు. టోక్యోలో కమాతా అనే చోట, తెల్లవారుజామున, ఆగి ఉన్న రేక్ కింద, అంటే బోగీల వరస కింద, శవం. మొహం ఆనవాలు పట్టడానికి లేకుండా కొట్టేశారు. మొదటి బండి కదిలి ఉంటే ఆ మాత్రం కూడా మిగిలేది కాదు. రాత్రి డ్యూటీలో టార్చ్ పట్టుకుని రేక్ పొడుగునా నడిచినవాళ్ళకి తెలుసు, బోగీల కింద చీకటి ఎలా ఉంటుందో. నాకూ సర్వీసులో ఒకసారి అలాంటిది కనబడింది. మా ఆవిడ పిలుస్తున్నా పలక్కుండా చూశాను.

ఆ తర్వాత ఇద్దరు డిటెక్టివ్‌లు, పెద్దాయన ఇమానిషి, కుర్రాడు యోషిమురా, దేశమంతా రైళ్ళలో తిరుగుతారు. చనిపోయినాయన ముందు రోజు రాత్రి ఒక బార్‌లో ఎవరో కుర్రాడితో మాట్లాడాడు. అక్కడివాళ్ళకి వినబడింది రెండే: ఈశాన్యం వైపు యాస, ‘కమెదా’ అనే మాట. ఆ మాట పట్టుకుని అకితా వైపు కమెదా అనే ఊరికి పోతారు. ఎండలో చెమటలు కక్కుతూ తిరిగి ఉత్త చేతులతో వస్తారు. చివరికి తేలేదేంటంటే, ఆ యాస దేశానికి అటు చివర, షిమానేలో ఇజుమో అనే ప్రాంతంలోనూ ఉందట. ఊరి పేరు కమెదా కాదు, కమెదకె. చివరి ముక్క ఎవరికీ వినబడలేదు. ఇక్కడ లేచి చప్పట్లు కొట్టాను. పాసింజర్‌లో ఎదురు సీటాయన ‘ఏంది’ అన్నాడా, ‘ఏటి’ అన్నాడా అన్నదాన్ని బట్టి టికెట్ చూడకుండానే ఎక్కడ దిగుతాడో చెప్పేవాణ్ణి నేను.

ఇక నా ప్రశ్న. చనిపోయినాయన పేరు మికి. ఒకప్పుడు ఆ కమెదకెలో పోలీసు. ఎవర్నడిగినా దేవుడిలాంటి మనిషి అంటారు. కుష్టు వచ్చి ఊరొదిలి, కొడుకుని వెంటేసుకుని అడుక్కుంటూ తిరుగుతున్న చియోకిచిని ఆస్పత్రిలో చేర్పించింది ఆయనే. ఆ పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకుని సాకబోయిందీ ఆయనే. పిల్లాడు పారిపోయాడు. పెద్దయి, పేరు మార్చుకుని, వాగా ఎయిర్యో అనే గొప్ప సంగీతకారుడయ్యాడు. మాజీ ఆర్థికమంత్రి కూతురితో పెళ్ళి కుదిరింది. అలాంటి టైంలో ముసలాయన వెతుక్కుంటూ వచ్చాడు. డబ్బడగలేదు, బెదిరించలేదు. అయినా చంపేశాడు!

పరువు పోతుందన్న భయం అనుకుందాం. ఆ ముసలాయన కాళ్ళు పట్టుకుని ‘ఎవరికీ చెప్పకండి’ అంటే చెప్పేవాడా? చచ్చినా చెప్పడు. మరెందుకు చంపినట్టు? మా ఆవిడ ‘సినిమా అన్నాక ఎవడో ఒకడు చావాలి కదా’ అంది. నాకు నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పేజీ మడత:

గార్డుగారూ, మీ ప్రశ్నకి జవాబు సినిమాలోనే ఉంది. నవలలో మాత్రం లేదు. అందుకే నవల చదివినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు.

నేను నవల ఇంగ్లిషు అనువాదం చదివాను, ‘ఇన్‌స్పెక్టర్ ఇమానిషి ఇన్వెస్టిగేట్స్’. సెయిచో మత్సుమోతో దీన్ని 1960–61లో యోమియురి పత్రికలో సీరియల్‌గా రాశారు. నవలలో వాగా వింత శబ్దాలతో సంగీతం చేసే మోడరన్ కుర్రాడు. అల్ట్రాసోనిక్ యంత్రంతో హత్యలు కూడా ఉంటాయి, నమ్మండి. నిజం చెప్పొద్దూ, అక్కడ నాకు నవ్వొచ్చింది. స్క్రిప్ట్ రాసిన షినోబు హషిమోతో, యోజి యమదా ఆ యంత్రాన్నీ, దాంతోపాటు సగం పాత్రల్నీ తీసేశారు. దర్శకుడు యోషితారో నోమురా.

అసలు మార్పు వేరే ఉంది. నవలలో తండ్రి ఎప్పుడో చనిపోయాడు. కాబట్టి మికి వచ్చినా వాగాకి ఉన్నది గుట్టు బయటపడుతుందన్న భయమే. సినిమాలో తండ్రి బతికే ఉన్నాడు, కుష్టు రోగుల్ని ఉంచే శానటోరియంలో. మికి, ఆయన 24 ఏళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు. ఇమానిషి ఆ ఉత్తరాలు చదివే సీను గుర్తు తెచ్చుకోండి. ఆ తండ్రి ప్రతి ఉత్తరంలో అడిగేది ఒకటే: చచ్చేలోపు కొడుకుని ఒక్కసారి చూడాలి. మికి ప్రతి జవాబులో, వాడు తెలివైనవాడు, ఎక్కడో బాగానే ఉంటాడు, తప్పకుండా వస్తాడు అని రాస్తాడు. అలాంటి మనిషి ఇసే అనే పుణ్యక్షేత్రానికి యాత్రకెళ్ళి, అక్కడ సినిమా హాల్లో తగిలించిన ఫొటోలో ఆ పిల్లాణ్ణి గుర్తుపట్టాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూసి నిర్ధారించుకున్నాడు. ఊరికి పోవాల్సినవాడు టోక్యో రైలెక్కాడు.

‘ఎవరికీ చెప్పకండి’ అంటే ఊరుకునేవాడే అన్నారు మీరు. నిజమే. కానీ ఆయనకి కావలసింది అది కాదు. ‘మీ నాన్న బతికే ఉన్నాడు, పద’ అన్నాడు. రానంటే మెడకి తాడు కట్టయినా లాక్కెళ్తానన్నాడు. వాగా చంపింది చెడ్డవాణ్ణి కాదు, బెదిరించేవాణ్ణీ కాదు. వదిలిపెట్టని మంచివాణ్ణి. గుట్టు దాచమంటే దాస్తాడు గానీ, తండ్రిని చూడకుండా ఉండనివ్వడు. అంత మంచితనం నుంచి తప్పించుకోవడానికి దారి లేదు.

నా లెక్కలో ఆ ఒక్క మార్పు వల్లే సినిమా నవల కన్నా పైకి వెళ్ళింది. మత్సుమోతో అభిమానులు కొడితే కొట్టండి.

రెండో ఆట:

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను తిడతాను. 143 నిమిషాల సినిమాలో మొదటి గంటన్నర రైల్వే టైం టేబుల్. గార్డుగారికి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. వాగా ప్రియురాలైన ఒక బార్ అమ్మాయి రైలు కిటికీలోంచి రక్తం అంటిన అతని చొక్కాని ముక్కలు ముక్కలుగా చల్లుకుంటూ పోవడం, దాన్ని ఒకాయన చూసి పత్రికలో కవిత్వంలా రాయడం, అది మన డిటెక్టివ్ కంట్లో పడడం... తెలుగు సినిమాలో ఇలా రాస్తే ఇదే ఫోరంలో ఉతికి ఆరేసేవాళ్ళు కదా?

చివరి నలభై చిల్లర నిమిషాలకి మాత్రం నోరు మూసుకున్నాను. ఒక పక్క పోలీసు మీటింగులో ఇమానిషి కేసు వివరిస్తుంటాడు. ఇంకో పక్క కచేరీలో వాగా ‘షుకుమెయ్’ వాయిస్తుంటాడు. ఆ పేరుకి విధి అని అర్థం. మధ్యలో తండ్రీకొడుకులు మంచులో, పూల చెట్ల కింద, వానలో నడుస్తుంటారు. వాళ్ళ మాటలు మనకి వినిపించరు. హషిమోతో దీన్ని బున్‌రాకు బొమ్మలాట పద్ధతిలో అల్లాడట: ఒక పక్క కథ చెప్పేవాడు, ఒక పక్క వాద్యం, మధ్యలో బొమ్మలు. అది తెలిశాక రెండోసారి చూస్తే, మా ఊళ్ళో తోలుబొమ్మలాట చూసినట్టే ఉంది. తెర వెనక ఒకడు పాడుతుంటాడు, బొమ్మ నోరు మెదపదు, ఏడుపు మనకొస్తుంది.

ఆ నడకంతా నవలలో రెండు ముక్కలట, ఆ ప్రయాణం ఎలా సాగిందో వాళ్ళిద్దరికే తెలుసు అని. ఆ రెండు ముక్కల్లోంచి నలభై నిమిషాలు తీశాడంటే... సరే, ఇది తిట్టు కాదు.

ఆ ఏడాది జపాన్‌లో మైనిచి పత్రిక సినిమా అవార్డుల్లో ఉత్తమ చిత్రం ఇదే. సంగీతం మిత్సుఆకి కన్నో, పర్యవేక్షణ యసుషి అకుతగవా. ఆయన రచయిత అకుతగవా కొడుకే. సంగీతం కొంచెం ఎక్కువైందని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఒకాయామా కోడలు:

అంకుల్, నేను పదకొండేళ్ళుగా ఒకాయామాలో ఉంటున్నాను. మావారు ఇక్కడివారే. ఈ సినిమా మొదటిసారి మా అత్తగారి పక్కన కూర్చుని చూశాను. ఆవిడ చివర్లో ఏడవలేదు. లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండిపోయారు.

మనకి సబ్‌టైటిల్స్‌లో అందనిది ఒకటి చెప్తాను. ఇక్కడ ప్రతి కుటుంబానికీ ‘కోసెకి’ అని రిజిస్టర్ ఉంటుంది. ఎవరికి పుట్టారు, ఎవర్ని చేసుకున్నారు, అన్నీ అందులోనే. 1976లో చట్టం మార్చేదాకా సూత్రప్రాయంగా దాన్ని ఎవరైనా తీయించుకుని చూడొచ్చు. పెళ్ళి సంబంధం అనుకుంటే పిల్లవాడి వంశం కూపీ లాగడానికి ప్రైవేటు డిటెక్టివ్‌లని పెట్టేవాళ్ళు. ఇప్పుడు వాగా చేసింది చూడండి. 1945 మార్చిలో ఒసాకా మీద బాంబులు పడి ఊరితోపాటు రిజిస్టర్లూ కాలిపోయాయి. యుద్ధం అయ్యాక వెళ్ళి, ఆ దాడిలో చనిపోయిన సైకిల్ షాపు వాగా దంపతుల కొడుకుని నేనే అని రాయించుకున్నాడు. కాగితం మీద కొత్తగా పుట్టాడు. మికి ఎదురుగా వచ్చి ‘హిదేఓ’ అని పాత పేరుతో పిలిచినప్పుడు కూలిపోయేది పెళ్ళి ఒక్కటే కాదు, ఆ పుట్టుక మొత్తం.

రెండో విషయం. సినిమా వచ్చిన 1974లో కుష్టు రోగుల్ని వేరుగా ఉంచే చట్టం ఇంకా అమల్లోనే ఉంది. 1996లో గానీ రద్దు కాలేదు. 2001లో కుమమోతో కోర్టు ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిస్తే, ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళలేదు. మాకు దగ్గర్లో నగషిమా అనే దీవి ఉంది, 1930 నుంచీ అక్కడ శానటోరియం. ఒడ్డుకీ దీవికీ మధ్య నీళ్ళు 30 మీటర్లు. అంతే అంకుల్, ముప్ఫై మీటర్లు! ఇటు నిలబడి పిలిస్తే అటు వినబడుతుంది. అక్కడ వంతెన పడింది 1988లో. నేను ఆ వంతెన మీద నడిచి వెళ్ళాను. లోపల ఒక గుండ్రటి కట్టడంలో, ఇంటివాళ్ళు తీసుకెళ్ళని అస్థికలు ఉన్నాయి. అక్కడ చేరినవాళ్ళు చాలామంది ఇంటికి మచ్చ రాకూడదని పేరు మార్చుకున్నారట. వాగా ఒక్కడే కాదు పేరు మార్చుకున్నది.

సినిమా తీసేటప్పుడు రోగుల సంఘం అభ్యంతరం చెప్పింది, ఇది చూసి జనం ఇంకా భయపడతారని. అందుకే చివర్లో ఆ అక్షరాలు పడతాయి: ఈ జబ్బు నయమవుతుంది, తిరిగి రావడానికి అడ్డం మనుషుల్లోని చిన్నచూపు ఒక్కటే అని. 2004లో ఇదే కథ టీవీ సీరియల్‌గా తీసినప్పుడు జబ్బునే తీసేశారు. తండ్రిని హంతకుణ్ణి చేశారు. చూశాను, నాకేమీ అనిపించలేదు. తప్పు చేసిన తండ్రిని కొడుకు దాచుకోవడం వేరు, ఏ తప్పూ చేయని తండ్రిని దాచుకోవడం వేరు.

చర్మం డాక్టరు:

ఒక్క మాట. ఇది వంశపారంపర్యం కాదు. తాకితే వెంటనే అంటుకునేదీ కాదు. ఎక్కువమంది శరీరాలకి దీన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. 1940ల నుంచే మందులున్నాయి. 1980లలో మూడు మందులు కలిపిన ఎండీటీ వచ్చాక ఆరు నెలలు లేదా ఏడాది కోర్సు, అదీ ఉచితంగా. సినిమా కథ జరిగే 1971 నాటికి ఆ తండ్రి జబ్బు ఎవరికీ అంటుకునే స్థితిలో ఉండి ఉండకపోవచ్చు. మిగిలింది వంకర పోయిన వేళ్ళు, అంతే. వేళ్ళు మందులతో వెనక్కి రావు, దానికి వేరే ఆపరేషన్లున్నాయి.

మనల్ని మనం పెద్ద గొప్ప అనుకోనక్కర్లేదు. మన దగ్గర 1898 నాటి లెపర్స్ చట్టం 2016 దాకా పుస్తకాల్లో ఉంది. భార్యకో భర్తకో ఈ జబ్బుంటే విడాకులు ఇవ్వొచ్చనే నిబంధన తీసేసింది 2019లో. నా ఓపీలో ఇప్పటికీ, ‘చీటీ మీద జబ్బు పేరు రాయకండి సార్, తెల్లమచ్చ అని రాయండి’ అంటారు.

కాజీపేట గార్డు:

అందరికీ థాంక్స్. ‘వదిలిపెట్టని మంచివాడు’ అన్నారు చూడండి, అక్కడ పట్టేసింది. నిన్న రాత్రి మళ్ళీ పెట్టుకుని చూశాను. ఈసారి మొదటి గంటన్నర దూకించాను, రెండో ఆట అన్న నవ్వుకోవచ్చు.

ఒక సీను గురించి మీరెవరూ రాయలేదు. ఇమానిషి శానటోరియంకి వెళ్ళి, చక్రాల కుర్చీలో ఉన్న చియోకిచికి వాగా ఫొటో చూపిస్తాడు. ‘ఈయన తెలుసా?’ ముసలాయన ఫొటో చూస్తాడు. చూస్తూనే ఒళ్ళంతా వణుకుతుంది. తర్వాత గొంతు చించుకుని, తెలీదు, ఇలాంటి మనిషి నాకు తెలీనే తెలీదు అంటాడు. ఇరవై నాలుగేళ్ళు ఒక్కసారి చూస్తే చాలని రాసినాయన. పోలీసు వచ్చాడంటే కొడుక్కి ఏదో ముప్పని తెలిసిపోయింది. కొడుకు తండ్రిని కాదన్నాడు తన కోసం, తండ్రి కొడుకుని కాదన్నాడు కొడుకు కోసం. మొదటిసారి చూసినప్పుడు ఇది నాకెందుకు తట్టలేదో తెలీదు. చివర్లో కుర్ర డిటెక్టివ్ అడుగుతాడు, వాగాకి తండ్రిని చూడాలని లేదా అని. ఇప్పుడు చూస్తూనే ఉన్నాడు కదా, ఆ పాటలో తప్ప ఇంకెక్కడా చూడలేడు అన్నట్టు చెప్తాడు పెద్దాయన. వారెంటు జేబులో పెట్టుకుని, కచేరీ అయ్యేదాకా పక్కన నిలబడతారు.

రాయాలా వద్దా అని పొద్దుట్నుంచి అనుకుంటున్నా. పేర్లు రాయను కాబట్టి ఫర్వాలేదు.

మాది కామారెడ్డి వైపు. మా నాయనమ్మ పోయినప్పుడు ఆవిడ ఇనప్పెట్టెలో చీరల కింద ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. దాన్నిండా మనియార్డర్ రసీదులు, అవతలివాళ్ళు ముట్టినట్టు వేలిముద్ర వేసి పంపే ముక్కలు. నెలకి ఐదు రూపాయలు. అన్నీ డిచ్‌పల్లికే. అక్కడ 1915లో మిషనరీ దొరసాని పెట్టిన పెద్దరోగం ఆస్పత్రి ఉంది, మా వైపు అందరికీ తెలుసు. ముట్టినవాళ్ళ పేరు దగ్గర మా ఇంటిపేరు. నాయనమ్మ మరిదట, అంటే మా తాత తమ్ముడు. అలాంటి మనిషి ఒకడున్నాడని మా నాన్న అరవై ఏళ్ళలో ఒక్కరోజు అనలేదు. అడిగితే, ‘మీ అత్తలకి పెళ్ళిళ్ళు కావద్దా’ అని లేచి పోయిండు.

డాక్టరుగారూ, అందుకే మీరు వేళ్ళ గురించి రాసింది రెండుసార్లు చదివాను. ఆ ముక్కలు తేదీల వరసలో పెట్టి చూశానప్పుడు. మొదట్లో వేలిముద్ర గీతలతో సహా స్పష్టంగా ఉంది. పోనుపోను నల్లటి మచ్చ. చివరి ఏడాదివాటి మీద ముద్ర లేదు, సాక్షి అని ఇంకెవరిదో సంతకం ఉంది.

డబ్బా ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు దగ్గరుంది. వాడికి ఫోన్ చేశాను, ఆదివారం కామారెడ్డి పోతున్నా. అమ్మా ఒకాయామా కోడలూ, ఆ దీవిలో పాత రికార్డులు బంధువులకి చూపిస్తారా, ఎలా అడగాలి, ఏ కాగితాలు కావాలి, కొంచెం కనుక్కుని రాస్తావా? ఇక్కడ డిచ్‌పల్లిలో అడిగేటప్పుడు ఏమని అడగాలో నాకు తెలీడం లేదు.